గిరాకీ కుర్చీ

ఈ కుర్చీ తిరగదు. కూర్చోగానే ముందు తెలిసింది అదే. కాలితో తొక్కితే పైకి లేవదు, వెనక మీట లేదు, తల ఆనించుకుందామంటే అట్ట లేదు, నాలుగు కాళ్ళు నేలకి తన్నిపెట్టి మొండిగా నిలబడి ఉంది. నా బతుకంతా కుర్చీ వెనక నిలబడ్డవాణ్ణి. అందులో కూర్చున్నవాడికి లోకం ఎలా కనపడుతుందో ఇవాళే చూస్తున్నాను. ఎదురుగా మెట్లుమెట్లుగా పైకి లేచిన బల్లలు, బల్లల వెనక పిల్లలు, అందరూ నన్నే చూస్తున్నారు, నేను మాత్రం వాళ్ళ తలలు చూస్తున్నాను. అలవాటు. మొదటి వరసలో ఒక ఉంగరాల జుట్టు, తడిపితే తప్ప దువ్వెన దిగదు. దాని పక్కన నూనె రాసి బిగించి అల్లి భుజం మీదుగా ముందుకేసుకున్న జడ, ఆ జడ అల్లింది అమ్మ కాదు, అద్దం చూడకుండా తనే అల్లుకుంది, మూడో పాయ జారింది. మూడో వరసలో తల వంచుకుని ఉన్న ఒకడికి నడినెత్తిన రెండు సుడులు, వీడికి రెండు పెళ్ళిళ్ళు అని మా ఆవిడైతే ఈపాటికి అనేసేది. అన్నిటికంటే పైన, చివరి వరసలో, గోడకి ఆనుకుని కాలేజీ పెద్దసారు. ఆయన ఎడమ చెవి పక్క నుంచి నాలుగు పోగులు పెంచి బట్టతల మీదుగా కుడి చెవికి చేర్చారు, వాగు మీద వంతెన వేసినట్టు. ఫ్యాన్ ఆయన నెత్తి మీదే తిరుగుతోంది. వంతెన లేస్తోంది, ఆయన అరచేత్తో అద్దుతున్నారు, మళ్ళీ లేస్తోంది. పాపం, ఎవరు చెప్పారో ఆయనకి అలా పెంచమని. పొట్టిగా తీసేస్తే దర్జాగా ఉండే తల.

కోడలు మాట్లాడుతోంది. నా పక్కనే నిలబడింది, చేతిలో సుద్దముక్క. ఇంట్లో మాట్లాడే గొంతు కాదు ఇది, ఇంకాస్త పైన ఉంది, చివర కొంచెం వణుకుతోంది, ఆ వణుకు నాకు తప్ప ఎవరికీ తెలియదు. "ఈయన మా మావయ్యగారు. ఈ గంట మీకు ఈయనే గిరాకీ. ఏదీ అమ్మకండి. అడగండి. ఈయనకి నిజంగా ఏం కావాలో గంట కొట్టేలోపు కనుక్కోండి. అంతే ఇవాళ పాఠం." ఎవరో వెనక నుంచి, "చెప్పేస్తే అయిపోతుంది కదా మేడమ్" అన్నారు. "చెప్పరు" అంది కోడలు. "ఈయన మాట్లాడరు. మీరు అదృష్టవంతులైతే ఊ అంటారు." పిల్లలు నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. ఆయన ఇవాళ ఎందుకు వచ్చి కూర్చున్నారో గదిలో అందరికీ తెలుసు. ఈ పాఠం దండగ అని ఆయన మొదటి నుంచీ అంటున్నారట. ఇవాళ చూసి, నిజంగానే దండగ అనిపిస్తే వచ్చే ఏడు నుంచి ఎత్తేస్తారు. కోడలు మళ్ళీ పాత గదిలో జమా ఖర్చులు చెప్పుకోవాలి. జమా ఖర్చులు చెప్పే రోజుల్లో ఇంటికొచ్చి చెప్పులు విప్పేది, ఆ చప్పుడు వేరు, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. ఈ పాఠం మొదలయ్యాక రెండు చెప్పులూ ఒకేసారి పడతాయి, తలుపు దగ్గర నుంచే కబుర్లు మొదలవుతాయి.

ఆ పాఠం పేరు నాకు నోరు తిరగదు. నాది మూడో తరగతి, అదీ మాస్టారికి కటింగు చేసే మా నాన్న మొహం చూసి పాస్ చేశారు. మా ఆవిడ దానికి సొంతకాళ్ళ పాఠం అని పేరు పెట్టింది. ఒకరి దగ్గర పని అడగకుండా తన పని తనే పుట్టించుకోవడం ఎలాగో పిల్లలకి చెప్పడమట. "అది చెబితే వస్తుందా, ఈత పుస్తకంలో చదివితే వస్తుందా" అని పెద్దసారు అన్నారని కోడలు అన్నం దగ్గర చెప్పుకుని బాధపడింది. నేను పళ్ళెంలోకి చూశాను. ఎందుకంటే నాకూ లోపల అదే అనుమానం. నాకు ఎవరు చెప్పారు, మా నాన్న చేతిలో దువ్వెన పెట్టి ఒక తల ముందు నిలబెట్టాడు, అంతే. అయితే మరి ఇదేమిటి, ఈ పిల్ల చేస్తున్నదీ అదే కదా. ఒక తల ముందు నిలబెట్టింది. ఆ తల నాది.

మొదట లేచింది కళ్ళజోడు పిల్లాడు, చెంపల మీది జుట్టు ఒక పక్క పైకి, ఒక పక్క కిందకి. "తాతగారూ, మీరు మందులు వేళకి వేసుకోవడం మర్చిపోతుంటారా?" మందులు. నాకు మందులు లేవు. తాతల కాలం నుంచి మా వంశంలో గుండెలు గుండ్రాళ్ళు. లేవన్నట్టు తల ఊపాను. కళ్ళజోడు మొహం వాడిపోయింది. వాడి బల్ల మీద ఒక డబ్బా ఉంది, గళ్ళుగళ్ళుగా, వేళకి మోగుతుంది కాబోలు, పాపం ఎంతో ఇష్టంగా చేసుకొచ్చాడు. "పోనీ, రేపెప్పుడైనా మందులు వాడాల్సి వస్తే, ఇలాంటి డబ్బా ఉంటే కొంటారా?" కోడలి కనుబొమలు దగ్గరికొచ్చాయి. నాకు తెలుసు ఎందుకో. రోజూ పొద్దున్న నేను వరండాలో టీ తాగుతుంటే ఎదురుగా నిలబడి పాఠమంతా నాకు ఒకసారి చెప్పి మరీ వెళుతుంది, అద్దం ముందు చెబితే నవ్వొస్తుందట, నా ముందు చెబితే రాదట. "మావయ్యా, మనిషిని రేపటి సంగతి అడిగితే మర్యాద కోసం అబద్ధం చెబుతాడు. నిన్నటి సంగతి అడిగితే నిజం చెబుతాడు." ఊ. "కొంటారా అని అడగ్గానే కొంటాననేస్తాడు, వాడి సొమ్మేం పోయింది." ఊ. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆయన ఊ అన్నాడని పొంగిపోకు తల్లీ, పెళ్ళిచూపుల్లోనూ అదే అన్నాడు, నచ్చానో లేదో నాకు ఇప్పటికీ తెలీదు" అంటుంది. నచ్చింది. ఆ రోజు ఆవిడ తలలో పాపిట వెంట్రుకవాసి కూడా వంకర లేదు. అంత తిన్నటి పాపిట నేను మళ్ళీ చూడలేదు. చెప్పొచ్చు కదా అంటే, ఎలా చెప్పాలో తెలియదు, ఎదురుగా మొహం ఉంటే నాకు మాట రాదు.

కొనేస్తాననేద్దామా. ఊ అంటే పోయె. కళ్ళజోడు సంతోషిస్తాడు, పెద్దసారు రాసుకుంటారు, కోడలి పాఠం నిలబడుతుంది. నోటి దాకా వచ్చింది. కానీ బస్సులో వస్తుంటే కిటికీ పక్కన కూర్చుని కోడలు చెప్పిన మాట అడ్డొచ్చింది, "నాకోసం లేనిది ఉందని చెప్పకండి మావయ్యా. అలా గెలిస్తే నేను చెప్పే పాఠమే అబద్ధమైపోతుంది." దాని వేళ్ళకి అప్పటికే సుద్ద అంటుకుని ఉంది, బస్సులో సుద్ద ఎక్కడిది, సంచిలో చేయి పెట్టి ముక్కని నలుపుతూ కూర్చుంది దారి పొడుగునా. కొననని తల అడ్డంగా ఊపాను. కళ్ళజోడు కూర్చున్నాడు. నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాత ఒక పొడుగు పిల్ల, దీపం ఉన్న చేతికర్ర. "చీకట్లో నడవడం కష్టంగా ఉంటుందా?" చీకట్లో నేను ఎందుకు నడుస్తాను, చీకటి పడితే పడుకుంటాను. లేదు. తర్వాత ఒకడు, పెద్ద పెద్ద అంకెల ఫోను. నాకు ఫోను ఎవరు చేస్తారు, చేసినా ఎవరు మాట్లాడతారు. లేదు. తర్వాత ఇంకొకడు లేచి, వంగినా నడుం పట్టేయకుండా కట్టుకునే బెల్టు గురించి అడిగాడు, లేదన్నాను. ఒక్కొక్కరూ బల్ల మీద ఒక్కొక్క వస్తువు పెట్టుకుని కూర్చున్నారు, అందరికీ ముసలాడంటే ఒకటే లెక్క, మోకాలు, చెవులు, మతిమరుపు. గుడ్డ కుట్టేసి మనిషిని వెతుకుతున్నారు. చొక్కా పట్టకపోతే మనిషిదే తప్పన్నట్టు. "కాదు" అనలేక కోడలు సుద్దముక్కని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుస్తోంది. అది సాయం చేయకూడదు, నేనూ చేయకూడదు, ఆట నియమం అది. నాలుగు కాళ్ళ కుర్చీ కిర్రుమంది. పెద్దసారు గడియారం చూసుకున్నారు.

గడియారం నా వీపు వెనక ఉందనుకుంటాను, అందరి కళ్ళూ అప్పుడప్పుడూ నా తల మీదుగా వెళుతున్నాయి. మా సెలూన్‌లో గడియారం అద్దంలో కనపడేది, ముల్లు వెనక్కి నడిచేది. అద్దంలోనే అన్నీ. వీధిలో పోయే సైకిళ్ళు, ఎదురు దర్జీ కొట్టు, కుర్చీలో మనిషి, వాడి వెనక నేను. ఇద్దరం ఒకే వైపు చూసేవాళ్ళం. అందుకేనేమో అక్కడ నాకు భయం ఉండేది కాదు. అద్దంలో ఉన్న మొహానికి చెప్పొచ్చు, అది నా వైపు చూస్తున్నట్టే ఉంటుంది, చూడదు. నేను పెద్దగా చెప్పిందీ లేదు, వాళ్ళే చెప్పేవాళ్ళు. తెల్లగుడ్డ మెడకి చుట్టి బిగించగానే ఏ మగాడైనా చిన్నపిల్లాడైపోతాడు. అప్పగారితో గొడవ, కూతురి పెళ్ళి, కడుపులో మంట, మేనేజరు పొగరు, అన్నీ రాలేవి, జుట్టుతో పాటు. ఊ. కత్తెర ఆడుతూనే ఉండేది, ఊ. మూగ సెలూన్ అని పేరు, బోర్డు మీద వేరే ఏదో రాసి ఉండేది, ఎవరూ చదవలేదు. ఊరవతల నుంచి కూడా వచ్చేవాళ్ళు. "నీ దగ్గర చెప్పినమాట గోడకి కూడా వినపడదయ్యా" అనేవాడు సున్నాలు వేసే మేస్త్రీ. అది నిజమే కానీ గొప్ప కాదు, మాట బయటికి రాకపోవడానికి నేనేదో ఒట్టు పెట్టుకోలేదు, నాకు రాదంతే.

అందులోకే ఒకరోజు ఈ పిల్ల వచ్చింది. అప్పటికింకా కోడలు కాదు. సెలూన్‌లోకి ఆడపిల్ల రావడం ఏమిటని కుర్చీలో సబ్బు నురగతో ఉన్నాయన ఉలిక్కిపడ్డాడు. చేతిలో పుస్తకం, భుజాన సంచి, "మీ అబ్బాయిని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను, మీరేమంటారో అడుగుదామని వచ్చాను" అంది, నిలబడే. నేను ఊ అన్నాను. ఇంకెవరైనా అయితే వెళ్ళిపోయేవాళ్ళు. ఇది బల్ల మీద కూర్చుంది, గడ్డం పని పూర్తయ్యేదాకా ఆగింది, ఆయన వెళ్ళాక, "ఇందాక మీరన్న ఊ ఏ రకం?" అంది. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకి నవ్వానో. "మంచి రకం" అన్నాను. సబ్బు నురగాయన ఊరంతా చాటింపు వేశాడు, మూగ సెలూన్‌లో మాట పుట్టిందని.

తరగతిలో ఎవరో దగ్గారు. ఎవరూ లేవడం లేదు. ప్రశ్నలు అయిపోయాయి వీళ్ళకి. బయట గడ్డి కోసే యంత్రం చప్పుడు, ఆగి ఆగి. కిటికీలోంచి కోసిన గడ్డి వాసన వస్తోంది, నాకు ఆ వాసన ఎందుకో కటింగు అయ్యాక నేల ఊడుస్తున్నట్టే ఉంటుంది. అసలు నాకేం కావాలి. నిజంగా, నాకే తెలియకపోతే వీళ్ళెక్కడ కనుక్కుంటారు. కడుపుకి ఉంది. కంటికి కునుకుంది. కొడుకు కరెంటు ఆఫీసులో, వాడికి నెత్తిన జుట్టు కూడా ఉంది, వాళ్ళమ్మ పోలిక. మా ఆవిడ తిట్లు రోజూ తాజాగా అందుతున్నాయి. ఇంకేం కావాలి మనిషికి. పొద్దున్న లేస్తాను, వరండాలో కూర్చుంటాను, దారిన పోయే తలలు చూస్తాను, ఆ పాలవాడు మెడ మీద అలా వదిలేసుకున్నాడేమిటి అనుకుంటాను, మధ్యాహ్నం అవుతుంది. బాగానే ఉంది. ఊ. ఆ ఊ ఏ రకమో నన్ను నేనే అడగలేదు ఎప్పుడూ.

పెద్దసారు లేచారు. లేచి, బల్లల మధ్యలోంచి ఒక మెట్టు దిగారు. ఆయన వెళ్ళిపోతే అయిపోయినట్టే. కోడలు చూసింది, నేనూ చూశాను. దాని చేతిలో సుద్దముక్క ఫట్‌మని విరిగింది. నా గుండె, గుండ్రాయి అనుకున్నది, ఒకసారి జారి మళ్ళీ చోటుకొచ్చింది. అప్పుడు మొదటి వరసలోంచి జడ పిల్ల, ఇందాకటి నుంచి ఒక్కమాట అడగని పిల్ల, బల్ల మీద వస్తువేదీ లేని పిల్ల, కూర్చునే అంది, "మేడమ్, తాతగారు మన మొహాలు చూడట్లేదు."

"మరి?" అంది కోడలు.

"తలలు చూస్తున్నారు. నన్ను చూసినప్పుడు జడ చూశారు. వాణ్ణి చూసినప్పుడు చెంపలు చూశారు. ఇప్పుడు సారు లేచారు కదా, సారుని..." అని ఆగిపోయింది.

గదిలో నవ్వు పాకింది, ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి. పెద్దసారు చేయి వంతెన మీదకి వెళ్ళింది. వెళ్ళిపోబోయినవారు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. దొరికిపోయాను. నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇలా పట్టుకోలేదు, నేనే అందరినీ పట్టుకునేవాణ్ణి, తల పట్టుకుంటే మనిషి చిక్కినట్టే. ఈ పిల్ల నా తల ముట్టుకోకుండా పట్టేసింది. జడ పిల్ల లేచి నిలబడింది. "తాతగారూ, మీరు ఆఖరిసారి ఎవరికి కటింగు చేశారు?"

ఆఖరిసారి. నిన్నటి ప్రశ్న. ఊ అనడానికి కుదిరే ప్రశ్న కాదు ఇది. తల అడ్డంగా ఊపినా కుదరదు, నిలువుగా ఊపినా కుదరదు. నోరు తెరిచాను. "కూల్చేవాడికి" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. "కొట్టు కూల్చడానికొచ్చినవాడికి" అన్నాను. ఇక ఆపడానికి చోటు లేదు, సగం గీసిన గడ్డంతో ఎవడినీ లేపలేం కదా. పిల్ల మొహం చూస్తే మాట రాదని దాని జడలో జారిన మూడో పాయ చూస్తూ చెప్పాను. రోడ్డు వెడల్పు చేస్తామన్నారు, మా వరస కొట్లన్నీ పోయాయి. ఆ పొద్దున్న పెద్ద యంత్రం వచ్చింది, ముందు ఇనపచెయ్యి, చేతికి తొట్టి. నేను అద్దం దింపుకుంటున్నాను. దాన్ని నడిపేవాడు దిగి లోపలికొచ్చాడు. నెత్తిన దుమ్ము, నెలల తరబడి పెరిగిన జుట్టు, ఊరూరా కూల్చుకుంటూ తిరిగేవాడికి క్రాపుకి తీరికేది. అద్దం చూశాడు, కుర్చీ చూశాడు, నన్ను చూశాడు. "అయ్యా, ఇది కానిచ్చాక అది మొదలుపెడతాను" అని కూర్చున్నాడు. అద్దం మళ్ళీ మేకుకి తగిలించాను. బయట యంత్రం గుర్రుమంటూనే ఉంది, వాడు ఆపలేదు, నేను ఆపమనలేదు. నిదానంగా చేశాను. ఒక్కొక్క పోగూ తీశాను. చెవుల చుట్టూ చేశాను, మెడ మీద చేశాను, అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చేశాను. వాడు కళ్ళు మూసుకుని, "తొందరేం లేదయ్యా" అన్నాడు. బయట వాళ్ళ పెద్ద వచ్చి ఏం చేస్తున్నావురా అని అరిచాడు. "తల ఇరుక్కుంది" అన్నాడు వీడు.

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వుతున్నానని అప్పుడు తెలిసింది. "తర్వాత?" అంది జడ పిల్ల. తర్వాతేముంది, ఎక్కడా ఇక కత్తెర పెట్టడానికి ఒక్క పోగు లేదు, గుడ్డ దులిపాను. వాడు లేచి కుర్చీని ఎత్తి తన యంత్రం తొట్టిలో పెట్టాడు, అద్దం నా ఒళ్ళో పెట్టి నన్ను పక్కన ఎక్కించుకున్నాడు. ముందు మమ్మల్ని ఇంటికి దింపాడు, తర్వాతే పోయి గోడ మీద చెయ్యి వేశాడు. వీధి వీధంతా చూసింది, మూగ సెలూన్ కుర్చీ ఆకాశంలో ఊరేగుతూ పోవడం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పెళ్ళికి కూడా నన్ను నడిపించే తీసుకొచ్చావు, కుర్చీకి మాత్రం వాహనం" అంది. ఇంత మాట నేను ఎప్పుడు మాట్లాడానో నాకు గుర్తులేదు. నాలుక ఎండిపోయింది. కోడలు నన్ను చూస్తున్న చూపు, సెలూన్‌లో బల్ల మీద కూర్చుని ఊ ఏ రకమని అడిగిన రోజు చూపు. ఆ ఆఖరి కటింగు సంగతి దానికి తెలియదు, అప్పటికది పరీక్షల పనిమీద ఊళ్ళో లేదు. వచ్చేసరికి కుర్చీ వరండాలో ఉంది. అది అడగలేదు, నేను చెప్పలేదు.

"ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" అంది జడ పిల్ల.

"దిండుగలీబులు" అన్నాను. మా ఆవిడ వాటిని అక్కడే ఆరేస్తుంది, చేతుల మీద ఒకటి, వీపు మీద ఒకటి, తల ఆనించే అట్ట మీద చిన్నది. పిల్లలు మళ్ళీ నవ్వబోయి, ఎందుకో సగంలో ఆగారు. నేనూ ఆగాను. దిండుగలీబులు. తెల్లగా, మెడకి చుట్టిన గుడ్డలాగే ఉంటాయి. రోజూ వాటికి ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను నేను. గాలికి ఊగితే ఎవరో తల తిప్పినట్టుంటుంది, వంచమందామని నోటిదాకా వస్తుంది. కొట్టు పోయినప్పుడు కొడుకు, "ఇక విశ్రాంతి తీసుకో నాన్నా, చాలా చేశావు" అన్నాడు, ప్రేమగానే అన్నాడు, నేను ఊ అన్నాను, కొట్టు లేకపోతే పని లేదనుకున్నాను. కొట్టుదేముంది. గోడలు పోయాయి. చేతులు ఉన్నాయి, వణకవు, ఇదిగో, ఒడిలో పెట్టుకుని చూస్తున్నాను. చొక్కా జేబులో దువ్వెన ఉంది, ఎందుకుందో, రోజూ పొద్దున్న చొక్కాతో పాటు అదీ ఎక్కుతుంది జేబులోకి.

"ఆయనకి వస్తువేం అక్కర్లేదు మేడమ్" అంది జడ పిల్ల, నెమ్మదిగా, తనకే చెప్పుకుంటున్నట్టు. "ఆయనకి తలకాయలు కావాలి."

కోడలు బోర్డు వైపు తిరిగింది. రాయడానికని అనుకున్నారు పిల్లలు. అది ఏమీ రాయలేదు, విరిగిన సుద్ద పట్టుకుని బోర్డుకేసి చూస్తూ నిలబడింది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. తిరిగింది. నవ్వుతోంది, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటోంది, మొహం నిండా సుద్ద. "మావయ్యా," అంది, ఇంటి గొంతుతో, అంతమంది ముందు, "రోజూ మీ ఎదురుగానే నిలబడి చెబుతున్నాను కదా, నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పాఠం చెబుతున్నావు కదమ్మా," అన్నాను. "అడగలేదు."

ఈసారి నవ్వు ఆగలేదు. పెద్దసారు కూడా నవ్వారు, మెట్టు మీద కూర్చుని, చేయి తల మీంచి తీసేసి. ఆ నవ్వులోనే మూడో వరసలో రెండు సుడులవాడు లేచాడు. "తాతగారూ, ఆ కుర్చీ ఎక్కడుంది? బస్సులో రావచ్చా?" వాడి తల ఇప్పుడు సరిగ్గా చూశాను. ఎడమ చెవి మీద ఎలుక కొరికినట్టుంది. "ఎవరు చేశారది?" అన్నాను. "నేనే" అన్నాడు. "మా హాస్టల్లో అందరం అంతే తాతగారూ, బాత్రూమ్ అద్దంలో చూసుకుని ఎవరికి వాళ్ళం. అద్దంలో కుడి ఎడమవుతుంది కదా, ఇటు తీయబోయి అటు తీసేశాను, సరిచేద్దామని ఇటూ తీశాను." "నాదీ అంతే" అన్నాడు కళ్ళజోడు, చెంపలు ముట్టుకుంటూ. వాడి మందుల డబ్బా ఎప్పుడో బల్ల కిందకి పోయింది. వెనక నుంచి ఇంకో రెండు చేతులు లేచాయి, ఆ చేతుల కింద తలలు చూస్తే కడుపు తరుక్కుపోయింది, కడుపు నిండిపోయింది కూడా. పొడుగు పిల్ల హాస్టల్లో ఎన్ని గదులని పక్కవాణ్ణి అడుగుతోంది, జడ పిల్ల ఆదివారాలు వద్దు, అందరూ బట్టలుతుక్కుంటారు అంటోంది, ఎవరో కుర్చీని హాస్టల్‌కే తెస్తే అంటున్నారు, మళ్ళీ యంత్రం తొట్టిలోనా అని ఇంకొకరు. ఎవరూ నన్ను చూడడం లేదు ఇప్పుడు. నాకు హాయిగా ఉంది. ఈత పుస్తకంలో చదివితే రాదు, నిజమే. ఇది పుస్తకం కాదు, వీళ్ళందరూ నీళ్ళలో ఉన్నారు, తడిసి ముద్దైపోయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకుంటూ.

గంట కొట్టింది. ఎవరూ లేవలేదు. పెద్దసారు మెట్లు దిగి కిందకొచ్చారు, గది సద్దుమణిగింది. కోడలు వీపు నిటారుగా పెట్టింది. ఆయన దాన్ని చూసి, పిల్లల్ని చూసి, "వచ్చే ఏడాదికి ఈ గది ఇరుకవుతుంది మేడమ్, కింద హాలు అడుగుతాను" అన్నారు. అంతే అన్నారు. ఆయన కూడా మాటల మనిషి కాదనుకుంటాను. కోడలు ఏదో అనబోయి అనలేక, ఊ అంది. ఆ ఊ నాది. అచ్చం నాది. ఇన్నేళ్ళు ఎదురుగా నిలబడితే అంటుకోదూ మరి. ఆయన వెళుతూ నా దగ్గర వంగారు, వంతెన నా కంటి ముందుకొచ్చింది, మూల నుంచి కొన దాకా చూశాను. "సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారా?" అన్నారు, ఎవరికీ వినపడకుండా. ఎవరికీ వినపడలేదు, వినపడదు కూడా.

"ఊ" అన్నాను.

రెండు సుడులవాడు ఇంకా అక్కడే నిలబడి చెవి మీద తడుముకుంటున్నాడు. నేను లేచాను. కుర్చీ వాడి వైపు చూపించాను. వాడు అటూ ఇటూ చూసి, సిగ్గుపడి, కూర్చున్నాడు. కత్తెర లేదు, తెల్లగుడ్డ లేదు, అద్దం లేదు, జేబులో దువ్వెన తీశాను. వాడి వెనకకి వెళ్ళి నిలబడ్డాను. వెళ్ళిపోతున్న పిల్లలు ఆగి చూస్తున్నారు, ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం, వాడూ నేనూ, ఎదురుగా మెట్లుమెట్లుగా మొహాలు, అన్నిటికంటే ముందు నా కోడలి మొహం, సుద్దతో తెల్లగా. అరచేతిలోకి తల బరువు వచ్చింది. వెచ్చగా, బరువుగా, ఏమీ తెలియని తల. "తల కొంచెం వంచు బాబూ" అన్నాను, "నీకు రెండు సుడులున్నాయి, మా ఆవిడ నిన్ను వదలదు, వచ్చేటప్పుడు మనసు రాయి చేసుకుని రా." వాడు నవ్వి వంచాడు. ఒక పక్క దువ్వాను. రెండో పక్కకి తిప్పబోతే గుర్తొచ్చింది, ఈ కుర్చీ తిరగదు. ఫరవాలేదు. చుట్టూ నేనే తిరిగాను.